పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నీళ్లలో చేరిన యాంటీబయాటిక్‌లు, వాటిని విరగ్గొట్టే వెలుతురు

ప్రశ్న: నేను హన్మకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. నీటిలోని యాంటీబయాటిక్ కాలుష్యాన్ని కాంతి ఉత్ప్రేరకాలతో (వెలుతురు పడితే రసాయన చర్యను నడిపించే పొడులతో) తొలగించడం గురించి సెమినార్ ఇవ్వవలసి ఉండి, కొన్ని పరిశోధన పత్రాలు చదివాను. దాదాపు ప్రతి పత్రంలోనూ గంట, రెండు గంటల్లోనే మందు తొంభై శాతానికి పైగా పోయిందని రాశారు. పని అంత తేలిక అయినప్పుడు మురుగు శుద్ధి కేంద్రాల్లో ఈ పద్ధతి ఎందుకు కనిపించదు? అసలు ఆ పొడి ఏం చేస్తుందో కూడా వివరించగలరు. – ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: పొడి చేసే పనితో మొదలుపెడతాను; అది అర్థమైతే మీ మొదటి సందేహం చాలావరకు తీరుతుంది. టైటానియం డైఆక్సైడ్ వంటి అర్ధవాహకం (సెమీకండక్టర్) మీద తగినంత శక్తి గల కాంతి పడితే, అందులోని ఎలక్ట్రాన్ కింది శక్తి పట్టీలోని తన చోటు వదిలి పై పట్టీకి చేరుతుంది. అది ఖాళీ చేసిన చోటును రంధ్రం అంటారు. ఈ రెండూ మళ్లీ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా రేణువు ఉపరితలం దాకా రాగలిగితే, ఎలక్ట్రాన్ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. రంధ్రం నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని, ఎదురైన అణువుతో వెంటనే చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. క్లోరిన్, ఓజోన్‌ల కంటే ఈ రాడికల్‌కు ఆక్సీకరణ శక్తి ఎక్కువ. దాని ఆయుష్షు మాత్రం నీటిలో కొన్ని మైక్రోసెకన్లకు మించదు కాబట్టి, మందు అణువు రేణువును అంటుకొని గానీ, దాని పక్కనే గానీ ఉంటేనే విరుగుతుంది. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డైఆక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి పడేలా చేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడదీయవచ్చని ప్రకటించిన నాటి నుంచి ఈ రంగం విస్తరించింది.

ఇక కాంతి సంగతి. అనటేజ్ రూపంలోని టైటానియం డైఆక్సైడ్‌లో రెండు పట్టీల మధ్య ఎడం సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 387 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు, అనగా అతినీలలోహిత కిరణాలు పడితేనే అది కదులుతుంది. భూమికి చేరే సౌరశక్తిలో ఆ కిరణాల వాటా 4 నుంచి 5 శాతం మాత్రమే. మే నెలలో వరంగల్ ఎండ ఎంత మండిపోయినా అందులో ఈ పొడికి పనికొచ్చేది ఆ కాస్తే. అందుకే కంటికి కనిపించే వెలుతురును వాడుకోగల పదార్థాల కోసం ఇంత వెతుకులాట జరుగుతున్నది. గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్‌లో ఆ ఎడం సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక అది 460 నానోమీటర్ల దాకా, అంటే నీలి వెలుతురు దాకా పనిచేస్తుంది. యూరియాను గానీ మెలమైన్‌ను గానీ మూత పెట్టిన మూసలో 500 నుంచి 550 డిగ్రీల వేడిలో ఉంచితే ఆ పసుపు పచ్చ పొడి తయారవుతుంది. ఖరీదైన లోహమేదీ అవసరం లేదు. బిస్మత్ వనడేట్‌లో ఎడం ఇంకా తక్కువ, సుమారు 2.4. ఎడం తగ్గితే ఎక్కువ వెలుతురు అందుతుంది నిజమే, కానీ పుట్టిన ఎలక్ట్రాన్‌కు, రంధ్రానికి ఉండే బలమూ తగ్గుతుంది, అవి త్వరగా కలిసిపోయే ప్రమాదమూ ఉంటుంది. మీరు చదివిన పత్రాల్లో రెండు మూడు పదార్థాలను జతచేసి ఉంటారు. ఎలక్ట్రాన్‌ను ఒక పదార్థంలోకి, రంధ్రాన్ని మరో పదార్థంలోకి మళ్లించి, రెండింటినీ దూరంగా ఉంచడానికే ఆ ప్రయత్నమంతా.

తొంభై శాతం మాటకు వద్దాం. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది ఏ నీటిలో వచ్చిందో చూడాలి. చాలా ప్రయోగాల్లో డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, లీటరుకు 10 లేదా 20 మిల్లీగ్రాముల మందు కలిపి, బలమైన దీపం కింద పెడతారు. ఊరి మురుగులో యాంటీబయాటిక్ లీటరుకు నానోగ్రాముల నుంచి కొద్ది మైక్రోగ్రాముల వరకే ఉంటుంది. దానితో పాటు సబ్బు, కుళ్లిన సేంద్రియ పదార్థం, బైకార్బనేట్, క్లోరైడ్ అంతకు వేల రెట్లు, లక్షల రెట్లు ఉంటాయి. హైడ్రాక్సిల్ రాడికల్‌కు మందు ఏదో, మురికి ఏదో తేడా తెలియదు. ఏది ముందు ఎదురైతే దానితోనే చర్య జరుపుతుంది. మన రాతి నేలల బోరు నీళ్లలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది కాబట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో గంటలో జరిగిన పని ఈ నీళ్లలో చాలా నెమ్మదిస్తుంది. నీరు మడ్డిగా ఉంటే వెలుతురు కొద్ది సెంటీమీటర్ల లోతు కూడా దిగదు. మందు ఎంత పలచగా ఉంటే అణువు రేణువు దగ్గరికి చేరే అవకాశమూ అంత తగ్గుతుంది.

అంతకంటే నేను ముఖ్యమనుకునేది, మందు 'పోయింది' అంటే ఏమిటన్న ప్రశ్న. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ద్రావణం 270 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఆ శిఖరం తగ్గడాన్ని చూసి మందు ఇంత శాతం తగ్గిందని చాలామంది లెక్కకడతారు. అయితే ఈ మందు అణువులో సాధారణంగా ముందుగా దెబ్బతినేది పక్కన ఉండే పైపరజీన్ వలయం. సూక్ష్మజీవుల మీద పనిచేసే క్వినోలోన్ భాగం ఆ తర్వాత కూడా కొంతకాలం నిలిచి ఉండగలదు. అందుకని హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి చూపే యంత్రం) మీద ఏయే ముక్కలు మిగిలాయో చూడాలి, మొత్తం సేంద్రియ కార్బన్ ఎంత తగ్గిందో కొలవాలి, అన్నిటికీ మించి ఆ నీటి చుక్కను ఈ.కోలై బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో వేసి, అది ఇంకా సూక్ష్మజీవిని ఆపుతున్నదో లేదో చూడాలి. నా ఉద్దేశంలో ఈ చివరి పరీక్ష లేని పత్రం సగం పత్రమే. మందు అణువు పేరు మారడం వల్ల వాగుకు ఒరిగేదేమీ లేదు. దాని మందు గుణం పోయిందా అన్నదే లెక్క.

ఇంకొక మెలిక ఉంది. దీపం వేయకముందు పొడిని, మందును చీకట్లో అరగంట పాటు కలియబెట్టి, పొడికి ఎంత మందు అంటుకున్నదో విడిగా చూపించాలి. చూపించకపోతే, అంటుకున్న మందును కూడా విరిగిన మందుగా లెక్కవేసే అవకాశం ఉంది. టెట్రాసైక్లిన్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. అది స్వతహాగా పసుపు రంగులో ఉండి వెలుతురును తానే పీల్చుకుంటుంది కాబట్టి, పొడి లేకుండా వెలుతురు మాత్రమే పెట్టి చూసిన ఫలితం పక్కన లేకపోతే ఆ అంకెను నమ్మలేం.

వాడుకలోకి రాకపోవడానికి చివరి కారణం పొడిని తిరిగి పట్టుకోవడం. మార్కెట్‌లో దొరికే పీ25 రకం టైటానియం డైఆక్సైడ్ మూల రేణువు 20 నానోమీటర్లు దాటి కాస్త ఉంటుంది. అది ఫిల్టర్ పేపర్‌లోంచి కూడా జారిపోతుంది. గాజు మీదో, పింగాణీ మీదో పూతగా వేస్తే పోదు గానీ, నీటికి తగిలే వైశాల్యం తగ్గి వేగం పడిపోతుంది. ఇనుప ఆక్సైడ్ గుండు మీద పూత వేసి అయస్కాంతంతో లాగడం మంచి ఆలోచనే, అయితే పదిసార్లు వాడాక దాని పని ఎంత మిగిలిందో చూపించేవారు తక్కువ. ఈలోగా పోటీదారులు ముందుకు వెళ్లిపోయారు. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపిక చేసిన మురుగు శుద్ధి కేంద్రాల్లో ఇలాంటి సూక్ష్మ కాలుష్యాలను తొలగించే దశను చట్టపరంగా చేర్చింది. అక్కడ నడుస్తున్నవి ఓజోన్, యాక్టివేటెడ్ కార్బన్. మీ సెమినార్‌లో ఈ పోలిక తప్పకుండా పెట్టండి, మెరుగ్గా ఉంటుంది.

ప్రశ్న: మాది బాన్సువాడ దగ్గర పల్లె. నిజాంసాగర్ కాల్వ కింద వరి వేస్తాం. పటాన్‌చెరు మందుల కంపెనీల నీళ్లు వాగుల్లో పడి మంజీరలోకి వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ మందులు మా పొలాల దాకా వస్తాయా? మీరు చెప్పే పొడిని చెరువుల్లో, కాల్వల్లో చల్లితే నీళ్లు బాగుపడవా? – ఒక రైతు, కామారెడ్డి జిల్లా

జవాబు: మీరు విన్నది ఊరికే పుట్టిన మాట కాదు. పటాన్‌చెరు దగ్గరి ఇసుకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మంజీర ఘనపురం ఆనకట్ట దాటి నిజాంసాగర్‌కు చేరుతుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు అప్పట్లో ఆ కేంద్రానికి వచ్చేవి. శుద్ధి చేశామని వదిలిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనిపించింది. 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలోనైనా ఆ మందు గరిష్ఠంగా లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములే చేరుతుంది. అంటే జ్వరం వచ్చిన మనిషి రక్తంలో ఉండవలసిన దానికి పదింతలు, వాగులోకి వెళ్లే నీటిలో ఉన్నదన్నమాట. సూక్ష్మజీవుల్లో నిరోధకత పెరగకుండా ఉండాలంటే నీటిలో ఈ మందు లీటరుకు 0.06 మైక్రోగ్రాములు దాటకూడదని తర్వాత శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఆనాటి అంకె దానికి సుమారు 5 లక్షల రెట్లు. ఇసుకవాగు అడుగు మట్టిలోని సూక్ష్మజీవుల్లో మందులను తట్టుకునే జన్యువులు అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని 2011లో మరో అధ్యయనం చూపింది.

అయితే ఆ అంకె శుద్ధి కేంద్రం నీళ్లు వదిలే గొట్టం దగ్గరిది, ఆ నాటిది. దానిని తెచ్చి ఈనాటి మీ కాల్వ నీళ్లకు అంటగట్టడం సరికాదు. దారిలో వాన నీళ్లు కలిసి మందు పలచబడుతుంది. పైగా సిప్రోఫ్లోక్సాసిన్ జాతి మందులు బంకమట్టిని, ఒండ్రును గట్టిగా అంటిపెట్టుకుంటాయి కాబట్టి చాలా భాగం వాగు అడుగునే చిక్కుకుంటుంది. అది ఊరటా, ముప్పూ రెండూనూ. పొలానికి చేరేది తగ్గుతుంది, కానీ ఆ అడుగు మట్టిలో సూక్ష్మజీవులు ఏళ్ల తరబడి మందుతో సహవాసం చేస్తూ, దాన్ని తట్టుకునే నేర్పును ఒకదానికొకటి అందించుకుంటాయి. 2019లో ప్రపంచమంతటా మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. వాగు అడుగున జరిగే ఈ మార్పును నేను చిన్న విషయంగా చూడలేకపోవడానికి అదే కారణం.

పొడిని చెరువులో చల్లడం మాత్రం సముద్రంలో ఇంగువ కలపడమే. వెలుతురు పైపైన రెండు జానల నీటిలోనే ఆగిపోతుంది, పొడి అడుగుకు దిగి ఒండ్రులో కలుస్తుంది, అక్కడ చీకటి. చీకట్లో అది ఉత్త తెల్ల మట్టి. చెరువులోని నాచుకూ చేపపిల్లలకూ అది మంచిది కాదు, ఒకసారి కలిశాక వెనక్కి తీయలేం. ఈ ఉత్ప్రేరకాలు పనిచేయవలసిన చోటు కంపెనీ ప్రహరీ లోపల. అక్కడ నీళ్లు తక్కువ, మందు చిక్కగా ఉంటుంది, ఏ మందు తయారవుతున్నదో ముందే తెలుసు, పొడిని పట్టుకోవడానికి తొట్టి కట్టవచ్చు. మిగతా మురికిని ముందు దశల్లో తీసేసి, చివర మిగిలిన మందును కాంతి ఉత్ప్రేరకంతో గానీ ఓజోన్‌తో గానీ విరగ్గొట్టాలి.

కంపెనీలు అలా చేసేలా చూడవలసిన నియమం మన దేశంలో దాదాపు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన ముసాయిదాలో మందుల కంపెనీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంత దాటకూడదో పరిమితులు ప్రతిపాదించారు. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. అది పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతాను. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, ఆ పరిమితులను తిరిగి అడగడానికి ఇప్పుడు మంచి ఆధారం ఉంది. మీ నీటి సంఘం తరఫున కాలుష్య నియంత్రణ మండలికి రాసేటప్పుడు నీటిని శుద్ధి చేయమని మాత్రమే అడగకండి. వాగులో కలిసే చోట యాంటీబయాటిక్ శేషాలు కొలిచి ఫలితాలు బయటపెట్టమని అడగండి.

ప్రశ్న: నల్లా నీళ్లలో మందులు ఉంటాయని విని భయం పట్టుకుంది. యూవీ దీపంతో పాటు 'ఫొటోక్యాటలిస్ట్' కూడా ఉందని చెప్పి ఒకరు మా ఇంటికి ఖరీదైన వాటర్ ఫిల్టర్ అమ్మజూపుతున్నారు. కొనాలా? నీళ్లు కాచి తాగితే సరిపోదా? – ఒక గృహిణి, వరంగల్

జవాబు: ఆ పేరు చూసి కొనకండి, అమ్మా. ఇళ్లలోని యూవీ ఫిల్టర్‌లో నీరు దీపం ముందు నుంచి కొద్ది సెకన్లలో వెళ్లిపోతుంది. ఆ కాస్త సమయం క్రిములు చావడానికి సరిపోతుంది గానీ, మందు అణువు విరగడానికి చాలదు. కాచినా చాలా యాంటీబయాటిక్‌లు పోవు, కొద్దిగా నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయంతే. కాయడం క్రిముల కోసం, ఆ పనికి అది మేలైనదే. ఫిల్టర్‌లోని కార్బన్ గొట్టం చాలా మందులను పట్టి ఉంచుతుంది, వేళకు మారుస్తూ ఉంటే చాలు. ఆర్‌ఓ యంత్రం కూడా చాలావరకు ఆపుతుంది, కాకపోతే ఆపినదాన్ని పక్క గొట్టంలోంచి మోరీలోకి పంపుతుంది. తాగునీటిలో ఎక్కడైనా యాంటీబయాటిక్ జాడలు దొరికితే అవి సాధారణంగా వైద్యానికి వాడే మోతాదులో లక్షో వంతు కూడా ఉండవు. ఈ కాలుష్యంతో ఉన్న అసలు భయం మీ గ్లాసులో కంటే మోరీల్లో, వాగుల్లో పెరిగే క్రిముల దగ్గర ఎక్కువ.

ప్రశ్న: జగిత్యాల జిల్లాలో ఒక గురుకుల పాఠశాలలో సైన్స్ చెబుతాను. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో మా పిల్లలు ఈ విషయాన్ని చూపించాలనుకుంటున్నారు. యాంటీబయాటిక్ మాత్రలు నూరి నీళ్లలో కలిపి చేయవచ్చా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాత్రలు వద్దు. బడిలో మందు తగ్గిందో లేదో కొలిచే సాధనం ఉండదు, చివరికి ఆ నీళ్లు పోసేది మోరీలోనే. మందుకు బదులు మిథిలీన్ బ్లూ రంగు వాడండి. మూడు గాజు సీసాల్లో ఒకే పరిమాణంలో నీళ్లు పోసి, సీసా వెనక పెట్టిన వార్తాపత్రిక అక్షరాలు నీలంగా కనిపించేంత పలచగా రంగు కలపండి. రెండింటిలో చిటికెడు చొప్పున టైటానియం డైఆక్సైడ్ వేయండి. పొడి వేసిన ఒక సీసానూ, పొడి వేయని సీసానూ ఎండలో పెట్టి, పొడి వేసిన రెండో సీసాను నల్ల గుడ్డ చుట్టి పక్కనే ఉంచండి. నీళ్లలో ఆక్సిజన్ ఉండాలి కాబట్టి మూతలు తీసి ఉంచి, పది నిమిషాలకోసారి మూడింటినీ గాజు కడ్డీతో కలపమనండి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య ఎండ సరిపోతుంది.

పొడి తేలుతున్నంతసేపూ నీళ్లు పాలలా ఉంటాయి, రంగు తెలియదు. ఒక రాత్రి చీకట్లో కదపకుండా ఉంచి పైన తేరిన నీటిని పోల్చాలి. అప్పుడు పిల్లలు తప్పక గమనించవలసింది ఒకటుంది: నల్ల గుడ్డ చుట్టిన సీసాలో కూడా నీలం కొంచెం తగ్గి, అడుగున చేరిన పొడి నీలంగా మారి ఉంటుంది. ఆ రంగు విరగలేదు, పొడికి అంటుకున్నది. ఎండలో పెట్టిన సీసా అడుగున పొడి తెల్లగా ఉంటే అక్కడ రంగు నిజంగా విరిగినట్టు. పొడి లేని సీసాలోనూ ఎండకు నీలం కాస్త వెలిసి ఉండవచ్చు. దానిని దాచకుండా చూపించమనండి, న్యాయనిర్ణేతలు మెచ్చేది దానినే. ఇంకొక పరీక్ష: తెల్లబడిన నీటిని మూత బిగించి బాగా ఊపాలి. నీలం తిరిగి వస్తే రంగు అణువు విరగలేదని, ఆక్సిజన్ తక్కువై తాత్కాలికంగా రంగు కోల్పోయిందని అర్థం.

పొడిని మీరే తూచి, తడిపి ఇవ్వండి. మాస్కు లేకుండా పిల్లల చేత పొడిగా ముట్టించకండి. పీల్చిన టైటానియం డైఆక్సైడ్ ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో చేర్చింది. నీటిలో తడిసి ఉన్నప్పుడు పీల్చే ప్రమాదం ఉండదు.

ప్రశ్న: నేను ఉత్తర తెలంగాణలోని ఒక ఆసుపత్రిలో పారిశుద్ధ్య విభాగం చూస్తాను. మా దగ్గర చిన్న మురుగు శుద్ధి కేంద్రం ఉంది. దాని చివర ఎండతో నడిచే ఇలాంటి దశ పెట్టవచ్చా? – పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు

జవాబు: కంపెనీల తర్వాత ఈ పద్ధతి ప్రయత్నించి చూడదగిన చోటు ఆసుపత్రే. నోటి ద్వారా వేసుకున్న అమాక్సిసిలిన్‌లో సగానికి పైగా, సిప్రోఫ్లోక్సాసిన్‌లో దాదాపు సగం మారకుండానే మూత్రంలో బయటికి వస్తుంది. వార్డుల మరుగుదొడ్ల నుంచి వచ్చే ఆ నీరు ఊరి మురుగులో కలవకముందే పట్టుకోవడం తేలిక. స్పెయిన్‌లోని అల్మేరియా సౌర పరిశోధన కేంద్రంలో వంపు తిరిగిన అద్దాల మధ్య గాజు గొట్టాలు పెట్టి, వాటిలో నీటిని తిప్పుతూ ఎండతో ఇలాంటి కాలుష్యాలను విరగ్గొట్టే ప్రయోగాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. టైటానియం డైఆక్సైడ్‌తో పాటు అక్కడ ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చేసే ఫొటో ఫెంటన్ పద్ధతిని కూడా వాడతారు. అది వేగంగా పనిచేస్తుంది కానీ మామూలుగా నీటిని బాగా పులుపెక్కించి, తర్వాత మళ్లీ తటస్థం చేయవలసి వస్తుంది.

మీ దగ్గర ముందుగా చూడవలసింది శుద్ధి కేంద్రం సరిగా నడుస్తున్నదా అన్నది. చివరి నీరు తేటగా రాకపోతే దాని మీద ఎండ దశ పెట్టడం డబ్బు వృథా. తేటగా వస్తుంటే, రాత్రి, ముసురు రోజుల నీటిని నిలవ చేయడానికి తొట్టి ఎంత కావాలో, డాబా మీద జాగా ఎంత ఉందో లెక్క తీయండి. ఆ తొట్టికి జాగా లేదంటే ఓజోనే మేలు. ఏదైనా కొనకముందు వరంగల్ ఎన్‌ఐటీ గానీ, కాకతీయ విశ్వవిద్యాలయం గానీ సంప్రదించి, మీ చివరి నీటినే సీసాలో పట్టుకెళ్లి చిన్న ఎత్తున పరీక్ష చేయించండి. అమ్మేవాడి దగ్గర డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన అంకెను ఒప్పుకోవద్దు. శుద్ధికి ముందు, తర్వాత నీటిలో కనీసం సిప్రోఫ్లోక్సాసిన్‌నూ, మీ వార్డుల్లో ఎక్కువగా వాడే మరొక మందునూ కొలిపించండి, దానితో పాటు ఈ.కోలై పళ్లెం పరీక్ష కూడా అడగండి.

ఖర్చు లేకుండా ఈ రోజే చేయగలిగిన పని కూడా ఒకటుంది. గడువు తీరిన యాంటీబయాటిక్‌లు, సగం వాడి వదిలేసిన ఇంజెక్షన్ సీసాలు సింకులో ఒంపకుండా ఆపించండి. 2016 జీవ వైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అవి పసుపు సంచిలోకి వెళ్లి, ఉమ్మడి వ్యర్థ కేంద్రంలో కాలిపోవాలి. నర్సింగ్ స్టేషన్ సింకు పక్కనే పసుపు డబ్బా ఉందో లేదో ఒక్కో వార్డూ తిరిగి మీరే చూడండి.